తప్పు నూనె

పోయినవి ముందు లెక్క పెడతాను. మా వీధిలో నూనె గానుగలు నాలుగు, నాలుగూ పోయాయి. వాటి రాతి రోళ్లలో మూడింటిని ఎప్పుడో పగలగొట్టి కంకర చేశారు. తుమ్మ చెక్క రోకళ్లు పొయ్యిలోకి పోయాయి. కళ్లకు గంతలు కట్టుకుని తిరిగిన ఎద్దులు, నాకు గుర్తున్నంతలో, ఏడు. కొర్రన్నంలోకి అప్పుడే దిగిన నువ్వుల నూనె పోసుకుని ఎర్రకారం నంజుకునే పొద్దులు ఎన్నో చెప్పలేను, అదొక్కటే నేను లెక్క పెట్టకుండా వదిలినది. గిద్దె, సోల, తవ్వ, మానిక అని వరసగా చెప్పగల పిల్లలు ఊళ్లో ఇప్పుడు ఒక్కరూ లేరు. పోయిన నెల నాలుగో రోలు కూడా లేచింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారని తమ్ముడు కబురు పెడితే బస్సెక్కి వెళ్లాను.

ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగారు. రోలు పక్కకు ఒరిగాక లోపల చెయ్యి పెట్టి చూశాను. జిడ్డు ఇంకా ఉంది. డ్రైవరు కుర్రవాడు దిగి వచ్చి, "ఏందమ్మా ఇది, తొట్టా?" అన్నాడు. వాడికి రెండు ముక్కలు చెప్పాను. వాడికి చెప్పనిదంతా ఇక్కడ రాస్తున్నాను.

నేను బడిలో మూడో తరగతి దాటలేదు. లెక్క నాకు గానుగ దగ్గరే వచ్చింది. రోట్లో నువ్వులు పోసి, రోకలి నిలబెట్టి, దానికి కట్టిన అడ్డమానును ఎద్దు చుట్టూ లాగుతుంటే నూనె దిగుతుంది. మానుకు బరువు కావాలి. రాళ్లతో పాటు నన్నూ ఎక్కించేవాడు నాయన. నేను దిగి పారిపోతే ఒక గుండ్రాయి ఎత్తి నా చోట పెట్టేవాడు. ఆ రాయీ నేనూ ఒక్క తూకమని నాకు గొప్పగా ఉండేది. ఏడాది తిరిగేసరికి నేను రాయిని మించాను. ఆ సంగతి వీధంతా చాటుకున్నాను.

నూనె దిగాక రోట్లో మిగిలే తెలగపిండి వేడివేడిగా ఉండేది. దాన్ని పావడా చెంగులో దాచుకుని, అటక మీది బెల్లం కూడా తీసి, ఇద్దరు ముగ్గురం గడ్డివాము వెనక చేరేవాళ్లం. మా నాయనమ్మను జేజి అనేవాళ్లం. ఆమెకు బెల్లం కుండ మూత కదిలితే చాలు, పెరట్లో ఉన్నా తెలిసేది.

"యాడుండావే? ఎద్దుకు పెట్టే పిండి నువ్వు తింటే రేపు మానుకు నిన్నే కడతా!"

"కట్టు జేజీ. గంతలు మాత్రం వద్దు," అనేదాన్ని.

నాకు తెలివి వచ్చేనాటికి ఆడుతున్న గానుగ మాదొక్కటే. మిగిలిన మూడిళ్ల దాయాదులు ఏ తరంలోనో బతుకుతెరువు కోసం ఊరు విడిచారట. వాళ్ల రోళ్లలో కోళ్లు గుడ్లు పెట్టేవి. మా ఇంట్లో మాత్రం ఒక ఆచారం తప్పేది కాదు. పొద్దున మొదటి వాయి దిగగానే, ఇంటి కుండలోకి చుక్క పడకముందే, ఇత్తడి గిన్నెలోకి గిద్దెడు నూనె తీసేవాళ్లు. అది పెన్న ఒడ్డున ఉన్న పాత శివుని గుడికి, అఖండ దీపానికి. నాలుగు గిద్దెలైతే సోల. మా ఇంటి నూనెతో దీపం సాయంత్రం దాకా నిలిచేది. రాత్రికి పూజారి తన తిప్పలు తాను పడేవాడు.

ఇది భక్తి అని ఎవరైనా అనుకుంటారు. ఊళ్లో దాని పేరు తప్పు నూనె. మా పూర్వీకుడెవడో గుడి దీపంలో నూనె దొంగిలించాడట. పంచాయితీ పెద్దలు పట్టుకుని, నీ వంశం ఉన్నన్నాళ్లూ రోజూ నూనె పొయ్యమని తప్పు, అంటే జరిమానా, వేశారట. ఏ కాలంలో, ఎవరు వేశారు, ఎవరి మీద వేశారు అని అడిగితే ఎవరికీ తెలియదు. అయినా బాయి దగ్గర బిందె తగిలితే చాలు, "దీపం నూనె తాగినోళ్లకు నీళ్లెందుకమ్మా?" అని ఎవరో ఒకరు అనేవాళ్లు. మా అమ్మ తల వంచుకుని బిందె ఎత్తుకునేది. మేమూ అది నిజమేననుకున్నాం. నాయన కూడా నమ్మాడు.

ఆ ఏడు వానలు లేవు. పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. చెలమ తోడి, గంటసేపు కూర్చుంటే బిందెడు ఊరేది. చేలల్లో నువ్వులు మొలకెత్తి మాడిపోయాయి. గానుగ రెండు రోజులకు ఒక వాయి ఆడితే ఎక్కువ. గిద్దె మాత్రం రోజూ తీయాలి. ఇంట్లో తాలింపు మానేశాం. సంగటిలోకి ఊరిబిండి పచ్చడి నూరుకుని, నూనె చుక్క లేకుండా తినేవాళ్లం.

సర్కారు వాళ్లు కరువు పని పెట్టారు. చెరువులో పూడిక తీసినవాళ్లకు సాయంత్రం జొన్నలు కొలిచి ఇస్తారు. కొలిచేవాడికి కూడా ఒక కూలి ఉంటుంది. ఊళ్లో మా నాయన కంటే సరిగ్గా కొలిచే చెయ్యి లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. మునసబు రచ్చబండ మీద పేర్లు రాయిస్తుంటే నాయన నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు.

"మునసబయ్యా, కొలిచే పని నాకియ్యి. గింజ తేడా రాదు."

మునసబు తల గోక్కున్నాడు. చెడ్డవాడు కాదు. "నీ చెయ్యి మంచిదేనప్పా. నేను కాదంటానా? ఊరు ఏమంటాది చెప్పు. దేవుని నూనె తీసినోళ్ల ఇంటి మనిషి, కరువు గింజల మీద కూర్చున్నాడంటే ఊరుకుంటారా?"

వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "ఇన్ని తరాలు కడతానే ఉండారు కదా, ఇంకా తీరలేదాప్పా? అంత నూనె యాడ తాగినాడో మీ తాత!"

రచ్చబండ అంతా నవ్వింది. నాయన నన్ను తీసుకుని ఇంటి దారి పట్టాడు. దారిలో నా చెయ్యి పట్టుకున్న పట్టు నొప్పి పుట్టేంత గట్టిగా ఉంది.

ఇంటికి రాగానే ఇత్తడి గిన్నె తీసి జేజి ముందు పెట్టాడు. "అమ్మా, ఇంక ఈ నూనె పొయ్యను."

"ఏమిరా, కరువొస్తే దేవునికి ఆకలి తీరిపోతాదా?"

"దేవుని మాట కాదు. ఎవడో చేసిన తప్పు. వాని పేరు కూడా మనకు తెల్దు. పోసినన్నాళ్లూ మేం దొంగలమే, మేం దొంగలమే అని మనమే దండోరా వేసుకుంటాండాం. నాతో ఆగిపోనీ. నా బిడ్డకు ఈ పేరు వద్దు."

"మీ నాయన పోసినాడు, ఆయన నాయన పోసినాడు. నీ దినాల్లో ఆపితే, రేపు నేను పోయినాక మీ నాయనకు ఏ మొగం చూపించాల?"

ఇద్దరూ ఆ పూట తినలేదు. చివరికి నాయనే దిగి వచ్చాడు. "శివరాత్రి దాకా పోస్తా. ఆ పొద్దుతో ఆఖరు." ఇంటి గౌరవం ఏ వైపు ఉందో నాకు అర్థం కాలేదు. పోస్తే దొంగలం, పొయ్యకపోతే మాట తప్పినవాళ్లం.

శివరాత్రికి ఇంకా పది పన్నెండు రోజులు ఉన్నాయనగా ఎద్దుల బండి మీద ఒకాయన దిగాడు. తలకు టోపీ, చంకలో కాగితాల చుట్ట, గుర్రపు వెంట్రుకల బ్రష్షులు. గండికోట వైపు నుంచి ఊరూరా తిరిగి పాత శాసనాలు వెతుకుతున్నాడు. రాళ్లు ఎక్కడున్నాయి అని అడిగితే, మా ఊళ్లో రాళ్లకు కరువేముంది! పిల్లలం ఆయన్ను మొదట చాకిరేవు బండ దగ్గరికి, అక్కడి నుంచి మునసబు ఇంటి గడప దగ్గరికి తీసుకుపోయాం. ఆయన ఓపికగా ప్రతి రాయీ తడిమి చూసి, "ఇది కాదు పాపా, రాత ఉన్నది," అనేవాడు. పొద్దు వాలాక గుడి వెనక గోడకు ఆనించి ఉన్న తెల్ల బండ దగ్గర ఆగాడు.

ఆ బండకు ప్రతి శివరాత్రికీ గోడతో పాటు సున్నం కొట్టి ఎర్రమట్టి పట్టెలు దిద్దేవాళ్లు. అట్లా ఎన్నో తరాల సున్నం పొర మీద పొర కట్టి ఉంది. ఆయన వేలితో కొట్టి చెవి పెట్టి విన్నాడు. "దీని కింద ఏదో ఉంది," అన్నాడు.

జేజి చెంబు నిండా చింతపండు పులుసు కలిపి తెచ్చింది, ఇత్తడి గిన్నె తోమినట్టు తోముదామని. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "వద్దమ్మా, పులుపు తగిలితే సున్నంతో పాటు అక్షరం అంచు కూడా పోతుంది. ఇన్నాళ్లూ ఎండా వానా తగలకుండా దీన్ని కాపాడింది మీరు కొట్టిన సున్నమే. దాన్ని మర్యాదగానే దించుదాం." నీళ్లతో నానబెట్టి, వెదురు పుల్లతో గీకమని చూపించాడు. రెండు రోజులు గీకాం. జేజి కూడా గీకింది. ముందు పైన సూర్యుడు, చంద్రుడు బయటపడ్డారు. వాటి నడుమ ఏదో బొమ్మ.

"రోలు," అన్నాడు పూజారి కొడుకు.

"రోలుకు మాను ఎందుకుంటాదిరా? గానుగ!" అన్నాను నేను. ఆయన నా వైపు తిరిగి చూశాడు. తరువాత చాలాసేపు ఆ బొమ్మ వైపే చూశాడు.

అచ్చు తీసే పని నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. తడి కాగితం రాతి మీద పరిచి, బ్రష్షుతో టపటపా కొడితే అది అక్షరాల గుంతల్లోకి దిగుతుంది. పైన నల్లరంగు అద్దితే బండంతా నల్లగా, అక్షరాలు మాత్రం తెల్లగా నిలబడతాయి. సగంలో ఆయన రంగు అయిపోయింది. గుడి దీపం గూట్లో గోడ నిండా మసి పట్టి ఉంది. నేను గోకి తెచ్చాను. తుమ్మబంక నానబెట్టి కలిపాం. మిగిలిన సగం ఆ మసితోనే దిగింది.

అచ్చు ఆరేలోగా ఆయన మా అరుగు మీద కూర్చుని జొన్నరొట్టె తిన్నాడు. ఊరిబిండి కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే మళ్లీ వేయించుకున్నాడు. శాసనంలో ఏ ఏడాదో అంకెల్లో లేదని, మాటల్లో ఉందని చెప్పాడు. మాటల్లో అంకెలేమిటని నేను పట్టుకున్నాను.

"చంద్రుడు ఎందరు?"

"ఒకరు."

"అందుకే చంద్రుడంటే ఒకటి. కళ్లంటే రెండు. వేదాలంటే నాలుగు. ఏనుగు అంటే?"

"ఒకటి."

"కాదు, ఎనిమిది. దిక్కుకొక ఏనుగు మోస్తుందని పెద్దల లెక్క. ఆకాశం అంటే?"

నేను తల ఎత్తి చూశాను. కరువు ఏడాది, మబ్బు ముక్క కూడా లేదు. "ఏమీ ల్యా," అన్నాను.

"అదే. సున్న." ఆయన ముఖం వెలిగిపోయింది. "లోకానికి సున్నతో లెక్క వెయ్యడం నేర్పింది ఈ దేశమే పాపా. పద్యంలో ఇమడాలని, రాసేవాడు ఒక అక్షరం తప్పినా లెక్క చెడకూడదని, అంకెలకు ఇట్లా పేర్లు పెట్టుకున్నారు."

ఆయన శాసనంలోని మాటలు చెబుతుంటే నేను నేల మీద బొగ్గుతో వరసగా అంకెలు వేశాను. ఇంకా రాని కాలం వచ్చింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒకట్ల స్థానం ముందు చెబుతారు. వెనక నుంచి చదువు." చదివాను. ఆ రాతకు ఎనిమిది వందల ఏళ్లు పైబడ్డాయి. మళ్లీ ఒకసారి వేసి చూసుకున్నాను. చాలా ఏళ్ల తరువాత, పాత పుస్తకాలు కొనుక్కుని, అడిగి, తప్పులు చేసి నేను గణితం నేర్చుకున్నాను. దానికి మొదలు ఆ బొగ్గు గీతలే.

మర్నాడు గుడి మంటపంలో ఊరు చేరింది. మునసబు స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. నాయన రానన్నాడు. జేజి చెయ్యి పట్టి లాక్కొచ్చింది. శాసనాలాయన అచ్చు విప్పి, వేలు పెట్టి, ఒక్కో పంక్తీ చదివి అర్థం చెప్పాడు. ఈ ఊరి గానుగలవాళ్లు నలుగురు, వాళ్ల పేర్లు ఇవీ, తమ నాలుగు గానుగల నుంచి రోజుకు సోలెడు నూనె ఈ దేవుని అఖండ దీపానికి, సూర్యచంద్రులు ఉన్నంతకాలం, చేతులు జోడించి ఇచ్చారు. ఊరి పెద్దలు సాక్షి. దీన్ని ఆపినవాడికి కాశీలో గోవును చంపిన పాపం.

మునసబు ముందుకు వంగాడు. "సామీ, తప్పు కట్టినారని ఏమన్నా ఉండాదేమో బాగా చూడండి. మాకు తెలిసిన కథ అది."

"తప్పు కట్టినవాడి పేరు సూర్యచంద్రుల కింద ఎవరు చెక్కుతారండీ? వాడి గానుగ బొమ్మ దేవుడి గుడి రాతి మీద ఎవరు వేస్తారు? ఇది దానం. ఇచ్చిన సంగతి ఊరు మరిచిపోయింది. పోస్తూ ఉండటం మాత్రం వీళ్లు మరవలేదు. ఎందుకు పోస్తున్నారో తెలియక ఎవరో ఒక కథ కట్టారు."

"సోలెడు అని ఉంటే వీళ్లు గిద్దె పోస్తారేం?" అన్నాడు మునసబు.

నేను లేచి నిలబడ్డాను. ఎవరూ అడగలేదు, ఆగలేకపోయాను. "నాలుగు గానుగలు. ఇంటికి గిద్దె. నాలుగు గిద్దెలైతే సోల. మిగిలిన మూడిళ్లోళ్లు ఊళ్లో లేరు. మా వంతు మేం ఒక్క పొద్దు కూడా ఆపలేదు!"

"అమ్మో, ఇది మానెక్కి కూర్చుని మొత్తం లెక్క వేసిండాది," అన్నారెవరో. ఈసారి నవ్వు వేరుగా ఉంది. రచ్చబండ మీద నవ్వినాయన కూడా నవ్వాడు, కండువాతో ముఖం తుడుచుకుంటూ.

నాయన లేచి బండ దగ్గరికి వెళ్లాడు. ఆయనకు చదువు రాదు. ఆ పేర్లు ఎక్కడున్నాయని అడిగి, చూపించినచోట నాలుగు పేర్లనూ వేలితో ఒక్కొక్కటిగా తాకాడు. వెనక్కి తిరిగి ఒక్క మాటే అన్నాడు. "అయితే మూడు గిద్దెలు కొరత పడతాండాది."

శివరాత్రి పొద్దున మొదటి వాయి దిగింది. ఆఖరు నూనె అని నాయన చెప్పిన రోజది. గిన్నె పక్కన పెట్టి, సోల తీసుకుని దాని నిండా పట్టాడు. జేజి అదిరిపడింది.

"ఏమిరా, నీకేమన్నా పట్టిందా? ఈ కరువులో సోల పోస్తే ఇల్లెట్ల గడుస్తాది? గిద్దె చాల్లే!"

"ఆపొద్దని నువ్వే కదమ్మా అంటివి."

"ఆపొద్దంటి గాని, ఇల్లు ఊడ్చి పొయ్యమంటినా? మూడిళ్లోళ్ల వంతు నీకెందుకు?"

"తప్పు అయితే గిద్దెతో సరి పెట్టుకుందుము. ఇచ్చినోళ్లం అన్నాక ఇచ్చినట్టే ఉండాల."

జేజి గొణుగుతూనే గుడి దాకా వెంట నడిచింది. ఆ దీపం ఎన్ని తరాల తరువాతో ఆ రాత్రి తెల్లవార్లూ మా నూనెతోనే వెలిగింది. మునసబు గుడి మెట్ల మీద నాయన్ను ఆపి, "రేపటి నుంచి చెరువు కాడికి రాప్పా. కొలమానిక నీ చేతిలోనే ఉండాల," అన్నాడు. "రాయి మీద పేరుండేది ఊళ్లో మీకొక్కరికే."

కరువు పని సాగినన్నాళ్లూ నాయనే కొలిచాడు. నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. బొటనవేలు లోపలికి పోనిచ్చేవాడు కాదు. మానిక నింపి, అరచేత్తో ఒక్కసారి తట్టి, కర్రతో సమంగా తల కొట్టేవాడు. ముసలివాళ్లకు, చంటిబిడ్డ తల్లులకు తల కొట్టకుండా ఇచ్చేవాడు. ఆ పైగింజల లెక్క తన కూలిలోంచి తీసి సరిపెట్టేవాడు. ఎవరూ వంక పెట్టలేదు. బాయి దగ్గర మా అమ్మ తల ఎత్తుకుని నిలబడటం నేను అప్పుడే మొదటిసారి చూశాను. వానలు పడ్డాక కూడా మా ఇంటి నుంచి సోల తగ్గలేదు.

సంతకం పెట్టడం రాని ఇంట్లో పుట్టాను. అయినా మా వాళ్ల మాట రాతి మీద ఉంది. రాజులూ మంత్రులూ ఇచ్చిన దానాలు పుస్తకాల్లో చదివాను. ఎద్దు వెనక నడిచేవాళ్లు నలుగురు కూడబలుక్కుని, రోజుకు సోల అని కొలిచి, సూర్యచంద్రులను సాక్షి పెట్టి ఇచ్చిన దానం నాకు వాటన్నిటికంటే పెద్దది. ఈ నాగరికత ఎంత పాతదని ఎవరైనా అడిగితే, నేను కోటలు చూపించను. ఆ బండ చూపిస్తాను. లెక్క తెలిసినవాళ్లు, మాట ఇచ్చినవాళ్లు, ఎందుకో మరిచిపోయి కూడా ఆ మాట మోసినవాళ్లు ఈ ఎండిన నేల మీద ఉన్నారని చెబుతాను.

తరువాత పట్నంలో కరెంటు మిల్లు వచ్చింది. గానుగ నూనె ధరకు కొనేవాళ్లు తగ్గారు. నాయన ఉన్నంతకాలం ఆడించాడు. ఆయన పోయిన వారానికి ఎద్దును అమ్మేశారు, గానుగ ఆగింది. గుడిలో ఇప్పుడు కరెంటు బల్బు ఉంది. పూజారి మనవడు సాయంత్రం పూట మాత్రం ప్రమిద వెలిగిస్తాడు. నేను పెళ్లై వేరే ఊళ్లో ఉన్నాను. రోజుకు గిద్దె లెక్కన ఏడాదికి సరిపడా నూనె డబ్బాల్లో ప్రతి ఉగాదికీ పంపుతున్నాను. మా గానుగ వంతు ఒక్క రోజు కూడా బాకీ లేదు. ఎక్కువ పంపగలిగే స్థితి నాకు లేదు, తమ్ముడికీ లేదు.

శాసనంలో గానుగ ఆడినన్నాళ్లు అని లేదు. సూర్యచంద్రులు ఉన్నన్నాళ్లు అని ఉంది. వాళ్లిద్దరూ ఉన్నారు. మా గానుగ ఆగి ఈ పొద్దుటికి ఇరవై రెండేళ్లు, అంటే ఎనిమిది వేల ముప్పై ఐదు రోజులు. రోజుకు మూడు గిద్దెల చొప్పున, మిగిలిన మూడు గానుగల వంతు కింద దీపానికి ఇంకా చేరవలసినది ఆరు వేల ఇరవై ఆరు సోలల ఒక గిద్దె.